కమాను తిరిగే చోటు

మే ఇరవై మూడు వచ్చిందంటే చాలు, నాకు రేడియో కట్టేయాలనిపిస్తుంది. కట్టేయను. ఈసారి ఏం కోతలు కోస్తారో చూద్దామని చెవులు అప్పగించి కూర్చుంటాను. పాటల చరిత్రలో ఆ తేదీన ఏమేం జరిగాయో చెప్పే కార్యక్రమం ఒకటి పొద్దున్నే వస్తుంది. ఆ రోజున ఎవరో గాయకుడు పుట్టాడట, ఏదో బృందం తిట్టుకుని విడిపోయిందట, ఎవరిదో తొలి రికార్డు కొట్లోకి వచ్చిందట. ఇవన్నీ గబగబా అప్పజెప్పేసి అనౌన్సరు గొంతు సవరించుకుంటాడు. ఒక్క వాద్యం కూడా లేకుండా, ఒట్టి మనుషుల గొంతులతో సినిమా పాట రికార్డు చేసింది ఆ రోజేనట. సంగీత దర్శకుడికి ఆ ఆలోచన కిటికీ పక్కన కూర్చుని గాలి హోరు వింటుంటే వచ్చిందట. ఒక ఏడు గాలి హోరంటారు, ఒక ఏడు పసిపాప ఏడుపంటారు. పోయినేడు సముద్రం అన్నారు.

గాలీ లేదు, సముద్రమూ లేదు. వాద్యాలు వాయించేవాళ్ళంతా స్టూడియో గేటు బయట ఎండలో నిలబడి ఉన్నారు, అందుకని పాటలో వాద్యాలు లేవు. గేటు బయట ముందు వరసలో నిలబడ్డది మా నాన్న. లోపల పాడింది మా అమ్మ.

అప్పట్లో మేం ముగ్గురం సినిమా మీదే బతికేవాళ్ళం. నాన్న స్టూడియోలో వయొలిన్ వాయించేవాడు. వయొలిన్లకి ముందు కూర్చునే మనిషి ఆయనే. మిగతావాళ్ళు తీగల మీద ఆయన కమాను ఎటు కదిలితే తమ కమాను అటు కదిపేవారు. అమ్మ కోరస్‌లో పాడేది. అంటే పాట పాడేది ఎవరో పేరున్న గాయని, ఆవిడ కాస్త ఆగినప్పుడు వెనక నుంచి "ఆ... ఆ..." అనే ఆడవాళ్ళలో అమ్మ ఒకతి. నేను థియేటర్ కౌంటర్లో టికెట్లు అమ్మేదాన్ని. "నాన్న కట్టిన ఇంటికి అమ్మ సున్నం కొడితే అద్దె నేను వసూలు చేస్తున్నాను" అంటే ఇద్దరూ పడీ పడీ నవ్వేవారు. ఆ వేసవి దాకా మా ఇంట్లో నవ్వులకి లోటు లేదు.

సమ్మె కీబోర్డు వల్ల వచ్చింది. బల్లంత పెట్టె, దాని ముందు ఒక్క మనిషి. మీట నొక్కితే గదినిండా వయొలిన్లు మోగినట్టు మోత. నిర్మాతల ఆనందానికి పట్టపగ్గాల్లేవు. వయొలిన్ల పని ఆ పెట్టె చేత చేయించకూడదనీ, ఆ మాట రాసిచ్చేదాకా ఎవ్వరూ వాయించరనీ వాద్యకారుల సంఘం తీర్మానించింది. కీబోర్డు వాయించే ఆయన కూడా సంఘంలోని మనిషే. పాపం ఆయనా వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. ఆయన పక్కన మాత్రం ఎవరూ నిలబడేవారు కాదు.

సంఘానికి అధ్యక్షుడు క్లారినెట్ పెదనాన్న. నాన్నకి తోడబుట్టినవాడేం కాదు, చిన్నప్పట్నుంచీ అలా పిలవడం అలవాటు. సమ్మె నడిచినన్నాళ్ళూ ఆ స్టూడియో పాటల్లో ఎవరూ వేలు పెట్టకూడదనీ, ఇంట్లో సాధనకి కూడా వాద్యం పెట్టె తెరవకూడదనీ ఆయన అందరి చేతా ఒట్టు వేయించాడు. "వేళ్ళు దురద పెడితే గోడ గీరుకోండి. పెట్టె జోలికి మాత్రం పోకండి" అన్నాడు.

రోజూ పొద్దున్నే నాన్న వాయిస్తుంటే నిద్ర లేచినదాన్ని నేను. ఆ నెలంతా ఆయన మంచం అంచున కూర్చుని మోకాళ్ళ మీద వేళ్ళు ఆడించుకునేవాడు. ఇల్లు మూగబోయింది. ఆ నిశ్శబ్దానికి నాకు పిచ్చెక్కేది.

ఒక పెద్ద సినిమా విడుదలకి ఒక్క పాట అడ్డంగా మిగిలింది. "ఆ ఒక్కటీ ఆగనీ, వాళ్ళే మన గుమ్మం తొక్కుతారు" అని డ్రమ్ముల బాబాయ్ అందరికీ ధైర్యం చెప్పేవాడు. నాన్నకి తమ్ముడి కింద లెక్క ఆయన. నోటికి తాళం ఉండేది కాదు. అందరూ ఆ మాటే నమ్మారు. నేనూ నమ్మాను.

ఒక మధ్యాహ్నం, నాన్న గేటు దగ్గరుంటాడని తెలిసే, ఆ సినిమా సంగీత దర్శకుడు మా ఇంటికి వచ్చాడు. ఆయన్ని అందరూ పెద్దాయన అనేవారు. మా కుర్చీ అంచున ముళ్ళమీద కూర్చున్నట్టు కూర్చున్నాడు.

"అమ్మా, వయొలిన్లు పలకాల్సిందంతా ఈసారి మీ ఆడవాళ్ళు పాడాలి. ముందు మీరు నడిపించాలి" అన్నాడు.

"నేనా?"

"మీ గొంతుకి వయొలిన్ నడక తెలుసు. మీకు తెలియదేమో గానీ నాకు తెలుసు."

ఆ ముక్క సన్నగా పాడి వినిపించాడు. కింద నుంచి తొందర లేకుండా మెట్టు మెట్టు ఎక్కి, పైస్వరం మీద నిలిచి, మళ్ళీ నెమ్మదిగా దిగుతుంది. అమ్మ ఒక్కసారి విని తిరిగి పాడింది. అమ్మ మొహం అంతలా వెలగడం నేనెప్పుడూ చూడలేదు. చూస్తే నాకు సంతోషం కలగలేదు, భయం వేసింది.

నాన్న సాయంత్రం ఇంటికి వచ్చేసరికే ఎవరో ఆయన చెవిన వేసేశారు.

"ఏం చెప్పావు ఆయనకి?"

"వస్తానని చెప్పాను."

"గేటు బయట నేనూ, లోపల నువ్వూనా? రేపు నలుగురిలో తలెత్తుకోవాలా వద్దా నేను?"

అమ్మ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "పోయినేడు మమ్మల్ని కూడా సంఘంలో చేర్చుకోమని కోరస్ వాళ్ళందరం వచ్చాం. గుర్తుందా? చేతిలో వాద్యం లేనివాళ్ళు వాద్యకారులెలా అవుతారని నవ్వారు. వద్దన్నవాళ్ళు చేతులెత్తండంటే మీరు ఎత్తారా లేదా?"

"అందరూ ఎత్తారు."

"అందర్నీ అడగలేదు."

"ఎత్తాను" అన్నాడు నాన్న, గోడకేసి చూస్తూ.

"ఆ రోజు చేర్చుకుని ఉంటే ఇవాళ మీ పక్కనే ఎండలో మాడేదాన్ని. పిలిచినా లోపలికి వెళ్ళేదాన్ని కాదు. మీకు అవసరం లేనప్పుడు మేం గాయకులం, అవసరం పడ్డప్పుడు మీ మనుషులమా?"

"నువ్వు పాడితే సమ్మె పోతుంది. సమ్మె పోతే నా పని పోతుంది. నాదొక్కడిదే కాదు, అందరిదీ."

"తెలుసు. మధ్యాహ్నం నుంచీ అదే ఆలోచిస్తున్నాను. కానీ ఇన్నేళ్ళూ ఎవరో పాడుతుంటే వెనక ఆ... ఆ... అన్నాను. ఒక్కసారి పాడాలనుంది. ఈ ఒక్కసారీ పోతే ఇంకెవరూ అడగరు నన్ను."

ఇద్దరి మాటా నిజమే. అదే నాకు మింగుడు పడలేదు. ఎవరో ఒకరు తప్పు మాట్లాడి ఉంటే రెండోవాళ్ళ పక్కన చేరిపోయేదాన్ని.

ఆ రోజు నుంచి ఇంట్లో మాటలన్నీ నా మీదుగా నడిచాయి. "మీ నాన్నని అన్నానికి రమ్మను." "మీ అమ్మకి ఆకలి లేదని చెప్పు." ఇద్దరూ ఒకే బల్ల దగ్గర, చెయ్యి చాస్తే తగిలేంత దూరంలో. ఒకరోజు నాకు ఒళ్ళు మండి, "నేనేమన్నా తంతి ఆఫీసునా?" అని లేచి వెళ్ళిపోయాను. కౌంటర్లో కూర్చుని, చిల్లర లేదని జనం మీద కేకలేశాను.

అమ్మ వంటింట్లో కూరగాయలు తరుగుతూ సాధన చేసేది. నాన్న ముందు గదిలో పేపరు అడ్డం పెట్టుకుని కూర్చునేవాడు. పాట మెట్లెక్కి, పైస్వరానికి చేరబోయే ముందు అమ్మ చటుక్కున ఊపిరి తీసుకునేది. సరిగ్గా అప్పుడు నాన్న చేతిలో పేపరు కదిలేది. లేచి మంచినీళ్ళు తాగేవాడు. కాసేపటికి అదే ముక్క, అదే ఊపిరి, మళ్ళీ మంచినీళ్ళు. నాన్న పళ్ళు కొరుక్కోవడం నాకు కనిపించేది. కోపమనుకున్నాను.

ఇక్కడ నాన్న కమాను గురించి ఒక మాట చెప్పాలి. కమాను చివరిదాకా లాగాక వెనక్కి తిప్పాలి కదా, పాడేవాళ్ళకి ఊపిరి ఎలాగో వాయించేవాళ్ళకి అది అలాగ. పైస్వరం ఎక్కే ముందు అందరూ ఒకసారి కమాను తిప్పుకుంటారు, కొత్త బలంతో ఎక్కొచ్చని. నాన్న తిప్పేవాడు కాదు. చేతిలో మిగిలిన కాస్త కమానుతోనే పైకెక్కి, ఆ స్వరం సన్నబడి ఇక తెగిపోతుందేమో అనిపించే దాకా ఉండి, అప్పుడు తిప్పేవాడు. వినేవాడి గుండె ఒక్క క్షణం ఆగేది. స్టూడియోలో అందరూ దాన్ని 'పిసినారి కమాను' అని ఆటపట్టించేవారు. ఆటపట్టిస్తూనే నేర్చుకోవాలని చూసేవారు. ఎవరికీ చేతకాలేదు.

రికార్డింగు రేపనగా, మధ్యాహ్నం, అమ్మ వంకాయలు తరుగుతూ మళ్ళీ ఎత్తుకుంది. మెట్లెక్కింది. ఊపిరి తీసుకుంది.

"అక్కడ కాదు" అన్నాడు నాన్న.

పేపరు దించలేదు. మొహం కనిపించలేదు. వంటింట్లో కత్తి చప్పుడు ఆగింది.

"పైకెక్కాక తీసుకో."

అంతే అన్నాడు. అమ్మ కత్తి పక్కన పెట్టింది. తర్వాత మొదటి నుంచి ఎత్తుకుంది. ఈసారి ఊపిరి తీసుకోకుండా ఎక్కింది. పైస్వరం మీద నిలబడింది. గొంతు సన్నబడింది, ఇంకా సన్నబడింది, ఇక తెగుతుందని నేను గడప పట్టుకున్నాను. అప్పుడు తీసుకుంది ఊపిరి. దిగింది.

నాన్న పేజీ తిప్పాడు.

"మీ నాన్నని కాఫీ తాగుతారేమో అడుగు" అంది అమ్మ. నేను అడిగాను. తాగుతానన్నాడు.

మర్నాడు అమ్మకి తోడు నేనూ స్టూడియో దాకా వెళ్ళాను. కోరస్ ఆడవాళ్ళంతా రోడ్డు మలుపులో కలుసుకుని ఒక గుంపుగా నడిచారు, తలలు దించుకుని. అమ్మ ఒక్కతే తలెత్తి ముందు నడిచింది. ఆ ధైర్యం పైపైదే అని నాకు తెలుసు. నా మణికట్టు పట్టుకున్న ఆవిడ చెయ్యి చల్లగా ఉంది.

సమ్మె వాళ్ళకి ఒక పద్ధతి ఉండేది. లోపలికి వెళ్ళేవాళ్ళని అడ్డుకోరు, తిట్టరు. వీపు తిప్పి నిలబడతారు. డ్రమ్ముల బాబాయ్ "వదినా!" అని ఒక్క మాట అన్నాడు. ఆ మాట ప్రాధేయపడుతున్నట్టు వినిపించింది. అమ్మ ఆగలేదు. బాబాయ్ వీపు తిప్పాడు. తర్వాత ఒక్కొక్కరూ తిప్పారు. క్లారినెట్ పెదనాన్న తిప్పాడు. అందరికన్నా ఆఖర్న నాన్న మిగిలాడు. అమ్మని చూశాడు, నన్ను చూశాడు. ఆయనా తిప్పాడు. చెమటకి చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉంది.

అమ్మ నా చెయ్యి వదిలి లోపలికి వెళ్ళింది. నేను గేటు దగ్గర నిలబడలేక, లోపలికి పోలేక, ఎదురు పేవ్‌మెంటు మీద ఒక మూసేసిన కొట్టు అరుగు ఎక్కి కూర్చున్నాను. ఆ స్టూడియో గోడలు మందం, బయటికి చీమ చిటుక్కుమన్న చప్పుడు రాదు. అయినా గేటు దగ్గరున్న అంతమంది మగవాళ్ళూ ఆ గోడకేసి చెవులు రిక్కించుకుని నిలబడ్డారు. నేను మనసులో ఒకసారి పాట పాడైపోవాలని మొక్కాను, ఒకసారి బాగా రావాలని మొక్కాను.

ఎండ తగ్గాక అమ్మ బయటికి వచ్చింది. "అయిందా?" అన్నాను. "అయింది" అంది. ఇద్దరం ఇంటిదారి పట్టాం. నాన్న కాస్త వెనకగా నడిచి వచ్చాడు, పరాయివాడిలాగా.

సినిమా కన్నా ముందే పాట రేడియోలో వచ్చింది. ఆ సమయానికి సంఘం వాళ్ళందరూ మా ఇంట్లోనే ఉన్నారు. సంఘం గది ఖాళీ చేయమని దాని యజమాని తాళం వేసేస్తే, ఆ పూట మీటింగు మా ముందు గదిలో పెట్టుకున్నారు. అమ్మ అందరికీ టీ ఇచ్చింది. కొందరు ఆవిడ మొహం చూడకుండా తీసుకున్నారు. రేడియో నేనే పెట్టి మర్చిపోయాను. పాట పేరు చెప్పగానే డ్రమ్ముల బాబాయ్ కట్టేయడానికి లేచాడు.

"ఉండనీ. మన మీదకి ఏం వస్తోందో వినాలిగా" అన్నాడు క్లారినెట్ పెదనాన్న.

విన్నారు. గాయని ఒక చరణం పాడింది. ఆవిడ ఆగగానే అమ్మ వాళ్ళ గొంతులు లేచాయి. మా గదిలో వేళ్ళన్నీ వాటంతటవే కదిలాయి. సమ్మె చేస్తున్నది మనుషులే గానీ వేళ్ళు కావు. ఆ ముక్క మెట్లెక్కింది, పైకి చేరింది, నిలిచింది, సన్నబడింది. పెదనాన్న చేతిలో టీ గ్లాసు నోటి దాకా వచ్చి ఆగిపోయింది. రెండో చరణం తర్వాత ఆ ముక్క మళ్ళీ వచ్చింది. ఈసారి ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు.

"పిసినారి కమాను!" అనేశాడు బాబాయ్. అని నాలిక్కరుచుకున్నాడు.

పాట అయిపోయింది. ఎవరో రేడియో కట్టేశారు. అందరి కళ్ళూ నాన్న మీదే.

"తమ్ముడూ, నువ్వు నేర్పావా?" అన్నాడు పెదనాన్న. కోపంగా అడగలేదు. కాదను, చాలు, అన్నట్టు అడిగాడు.

నాన్న కన్నా ముందు అమ్మ అందుకుంది. "అన్నయ్యగారూ, ఆయన్నేం అడక్కండి. ఆ పాటకి ఒప్పుకున్నప్పట్నుంచీ ఆయన నాతో మాట్లాడటమే మానేశారు, కావాలంటే మా అమ్మాయిని అడగండి. పెళ్ళయిన దగ్గర్నుంచీ పొద్దున లేస్తే ఆ కమానే విన్నాను. ఇంకొకరు నేర్పాలా? దొంగిలించాను. తప్పు నాదే."

అందరూ నాకేసి చూశారు. "ఇద్దరికీ మాటలు నేనే మోశాను" అన్నాను. అది నిజమే.

గదిలో ఊపిరాడింది. పెదనాన్న మోకాళ్ళ మీద చేతులానించి లేచాడు. "సరే, ఇక్కడితో వదిలేద్దాం" అన్నాడు. డ్రమ్ముల బాబాయ్ ప్రాణం లేచొచ్చినట్టు నవ్వి, "దొంగసొత్తయినా బాగానే నప్పింది వదినా మీకు" అన్నాడు.

"దొంగసొత్తు కాదు" అన్నాడు నాన్న.

అమ్మ ఆయనకేసి వద్దన్నట్టు చూసింది. ఆ మాట ఆపడానికి నేనైతే ఆయన కాళ్ళ మీద పడేదాన్నే.

"ఆవిడ దొంగిలించలేదు. నేనిచ్చాను. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో ఒక్క చోట చెప్పాను. పాడటం మాత్రం అంతా ఆవిడదే. నా ముందు ఎవరూ ఆవిడని దొంగ అనొద్దు. ఆవిడ కూడా అనుకోవద్దు."

పెదనాన్న మళ్ళీ కూలబడ్డాడు. "ఎందుకు చెప్పావయ్యా! ఆవిడ ఎక్కడ ఊపిరి తీసుకుంటే నీకెందుకు?"

నాన్న మూలనున్న వయొలిన్ పెట్టెకేసి చూశాడు.

"ఒట్టు అందరికీ ఒకటే. పెట్టె తెరవలేదు కదా అని నిన్ను వదిలేస్తే రేపు ఇంకొకణ్ణి పట్టుకోలేను."

"వదిలేయమనలేదుగా అన్నయ్యా. సంఘంలోంచి నా పేరు తీసేయండి."

ఒక్కొక్కరే లేచి చెప్పులు వేసుకున్నారు. పెదనాన్న కళ్ళు తుడుచుకుంటూ మెట్లు దిగాడు. డ్రమ్ముల బాబాయ్ గుమ్మం దగ్గర ఆగి, "పాట చాలా బాగుంది అన్నయ్యా. అదే మన ఖర్మ" అన్నాడు.

ఖర్మే అయింది. మా థియేటర్లో ఆ పాట కోసమే వచ్చి, పాట అవగానే లేచి వెళ్ళిపోయి, సాయంత్రానికి మళ్ళీ టికెట్ కొనుక్కున్నవాళ్ళు ఉన్నారు. నిర్మాతలందరూ వాద్యాల్లేని పాటలే కావాలన్నారు. కోరస్ ఆడవాళ్ళకి చేతినిండా పని. తొలి వానలు పడేసరికి సంఘం దిగివచ్చింది. కీబోర్డు ఉన్నచోటే ఉంది. సంఘంలో పేరు లేనివాళ్ళని స్టూడియోలో వాయించనివ్వరు, నాన్న కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారని తెలిసింది.

అందరూ పనిలోకి తిరిగి వెళ్ళే రోజు పొద్దున నాన్న అలవాటు కొద్దీ గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎక్కడికీ వెళ్ళేది లేదని అప్పుడు గుర్తొచ్చి కిటికీ దగ్గర కూర్చున్నాడు. కింద వీధిలో పెట్టెలు మోసుకుంటూ ఆయన మనుషులంతా స్టూడియోకి నడుస్తున్నారు. అమ్మకి కూడా ఆ రోజు రికార్డింగు ఉంది. తయారై, సంచీ భుజాన వేసుకుని, గుమ్మం దాటలేక నిలబడింది.

"నేనూ మానేస్తాను" అంది.

"పిచ్చి మాటలు మాట్లాడకు. వెళ్ళు."

"అంతా ఆ ఒక్క మాట వల్లే. ఎందుకన్నారు ఆ రోజు? నా మానాన నేను ఎక్కడో ఊపిరి తీసుకుని పాడేసేదాన్ని. పాట పాటలాగే ఉండేది. సమ్మె పోతే పోయేది గానీ మీ పేరు పోయేది కాదు. అక్కడ కాదు ఇక్కడ తీసుకున్నానని ఎవరికి తెలిసేది?"

"నాకు తెలిసేది" అన్నాడు నాన్న.

అమ్మ ఏడ్చింది. ఆ వేసవి మొత్తంలో ఆవిడ ఏడవడం నేను చూసింది అప్పుడే. నాన్న లేచి దగ్గరికి వెళ్ళలేదు. మా ఇంట్లో అలాంటివి లేవు. కిటికీ వైపు తిప్పుకున్న మొహం మాత్రం ఇటు తిప్పి, "ఇవాళ ఏం పాడుతున్నావు?" అని అడిగాడు. నా మీదుగా కాదు, నేరుగా ఆవిడనే అడిగాడు.

అమ్మ కళ్ళు తుడుచుకుని, సంచీ కింద పెట్టి, గుమ్మంలోనే నిలబడి ఆ రోజు పాడాల్సిన ముక్క పాడింది. నాన్న కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నాడు.

"మళ్ళీ పాడు" అన్నాడు.